ఒప్పుకొన్నంతనే నేరస్థుడగునా?



గ్రామమున దొంగతనమో హత్యయో జరుగును. పోలీసువారు ఒకనిని పట్టుకొనిపోవుదురు. రెండుమూడు దినములు గడచిన పిదప "వాడే యొప్పుకొన్నాడట" అను వార్త రచ్చబండకు చేరును. ఆ క్షణముతో మన మనస్సులలో విచారణ ముగియును. తన నోటితో తానే చెప్పిన తరువాత ఇక సాక్షులేల, వకీళ్లేల, కోర్టులేల యని తలంతుము. చేయనివాడు చేసితినని యేల చెప్పును? ఉరికంబమునకు దారితీయు మాటను నిర్దోషి యెట్లు పలుకును?

ఈ ప్రశ్న సహజమైనదే. కాని దాని సమాధానము మన యూహకు విరుద్ధముగా నున్నది. చేయని నేరమును చేసితినని చెప్పినవారు అన్ని దేశములలోను, అన్ని కాలములలోను గలరు. వారిలో కొందఱు చెఱసాలలలో యౌవనమును పోగొట్టుకొనిరి; కొందఱు ప్రాణములనే పోగొట్టుకొనిరి. అట్టివారు అట్లేల చెప్పుదురో, ఆ మాటను మన పూర్వులును నేటి చట్టములును ఎంతవఱకు నమ్మినవో, గ్రామపెద్దలకు ఈ విషయమున గల బాధ్యత యేమో నాకు తెలిసినంతవఱకు మనవి చేసెదను.

మొదట మనమెఱిగిన కథనే తీసికొందము. మహాభారతము ఆదిపర్వమున మాండవ్యుడను ముని కథ కలదు. ఆయన మౌనవ్రతము పూని ఆశ్రమద్వారమున తపస్సు చేయుచుండెను. రాజభటులు తఱుముచుండగా దొంగలు వచ్చి, దోచిన ధనముతో ఆ యాశ్రమములోనే దాగిరి. భటులు వచ్చి దొంగలేదారిని పోయిరని మునిని అడిగిరి. ఆయన పలుకలేదు. ఆశ్రమము వెదకగా దొంగలును దొరకిరి, సొమ్మును దొరకెను. మునియు వారితో కలిసినవాడేయని తలచి ఆయననుగూడ రాజునొద్దకు గొనిపోయిరి. రాజు అందఱిని కొఱ్ఱు వేయించెను. ముని తపోబలముచే మరణింపలేదు. రాజు తన పొరపాటు తెలిసికొని క్షమాపణ వేడెను. కాని శూలపు ముల్లు ఊడిరాక శరీరములోనే నిలిచిపోయినందున ఆయనకు అణిమాండవ్యుడను పేరు వచ్చెను. ఆ తరువాత ఆయన యమధర్మరాజును శపించుటయు, యముడు విదురుడై పుట్టుటయు మీరెఱిగినదే. మనము శాపమును జ్ఞప్తియందుంచుకొందుము గాని విచారణలోని దోషమును గమనింపము. అడిగినదానికి బదులు చెప్పకపోవుటయే నేరమొప్పుకొనుటగా భటులు గ్రహించిరి. రాజు మఱియొక ప్రశ్న యడుగక శిక్ష విధించెను.

ఈ కథనే కౌటిల్యుడు అర్థశాస్త్రమున మఱియొక విధముగా స్మరించినాడు. మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునందలి తాళపత్రప్రతి ననుసరించి ఆర్. శామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించిన గ్రంథమే యది. దాని నాల్గవ యధికరణమున నేరవిచారణను గూర్చిన ప్రకరణము కలదు. దొంగలు పోవు త్రోవను యాదృచ్ఛికముగా పోవుటచేతను, దొంగవంటి వేషము ఆయుధము సామగ్రి కలిగియుండుటచేతను, దొంగసొత్తు దాపున కూర్చుండుటచేతను, దొంగ కానివాడును దొంగగా పట్టుబడుట కలదని ఆయన హెచ్చరించుచున్నాడు. దానికి దృష్టాంతము అణిమాండవ్యుడే. కాని కౌటిల్యుని మాండవ్యుడు మౌని కాడు. హింసకు వెఱచి, దొంగ కాకయు, తాను దొంగనని చెప్పినవాడు. కావున నిశ్చయమైన నిదర్శనము లభించిన పిదపనే దండింపవలెనని యాయన తేల్చెను. రెండువేల యేండ్లనాటి రాజనీతిజ్ఞుడు, దయాధర్మములకంటె రాజ్యక్షేమమునే ముందుగా చూచినవాడు, ఒప్పుదల భయమునుండియు పుట్టునని గుర్తించినాడు. నారదస్మృతియు ఈ మాండవ్యునే చూపి, వ్యవహారవిచారమున దొంగ కానివాడు దొంగయగుట కలదని చెప్పుచున్నది.

అట్లని కౌటిల్యుడు హింసను పూర్తిగా మానిపించెనని నేను చెప్పను. దోషము స్పష్టముగా తోచినవానిని బాధించి ప్రశ్నించుట కాయన అనుమతించెను. బాలురను, వృద్ధులను, రోగులను, మత్తులో నున్నవారిని, ఉన్మత్తులను, ఆకలిదప్పులచేతను మార్గాయాసముచేతను డస్సినవారిని, దుర్బలులను మాత్రము మినహాయించెను. ఆ జాబితాను నెమ్మదిగా చదువుడు. నేటి మనశ్శాస్త్రవేత్తలు ఎవరి యొప్పుదలను సులభముగా నమ్మరాదని చెప్పుచున్నారో ఇంచుమించు వారే యందు గలరు.

ఇక మనకు సమీపకాలమునకు వత్తము. 1854లో చెన్నరాజధానియందలి హింసలను గూర్చి ఇంగ్లండు పార్లమెంటులో చర్చ జరిగెను. దాని ఫలితముగా నియమింపబడిన విచారణసంఘము 1855లో తన నివేదికను సమర్పించెను. ఆ కాలమున మన తెలుగు జిల్లాలలో పెక్కు చెన్నరాజధానిలోనివే. శిస్తు వసూలు చేయువారును నేరములు విచారించువారును ఒక్క యుద్యోగులే యగుటచే రెండు పనులకును ఒక్కటే సాధనము వాడుకలో నుండెను. వ్రేళ్లను రెండు కొయ్యల నడుమ నుంచి నొక్కుట యొకటి. మెడను వంచి కాలివ్రేళ్లకు త్రాటితో కట్టి యెండలో నిలుపుట మఱియొకటి. వీనికి తెలుగున చీరత యనియు గింగేరి యనియు పేర్లు గలవని ఆ నివేదిక పేర్కొన్నది. ఫిర్యాదు చెప్పుకొనుటకు దూరపు జిల్లాలనుండి కాలినడకను వచ్చినవారును గలరు. శిస్తు రాబట్టుటకు వాడిన కొయ్యలతోనే నేరపు టొప్పుదలలనుగూడ రాబట్టుచుండిరని ఆ విచారణవలన వెల్లడియయ్యెను. 1859లో చెన్నరాజధానికి పోలీసుశాఖను ప్రత్యేకముగా నేర్పఱచుచు చట్టము చేయబడెను.

1861లోని క్రిమినల్ ప్రొసీజరు కోడునందును, పిదప 1872లోని సాక్ష్యచట్టమునందును ఒక గొప్ప నియమము చేర్పబడెను. పోలీసు అధికారితో చెప్పిన యొప్పుదల ముద్దాయిపై సాక్ష్యముగా పనికిరాదు. పోలీసుల నిర్బంధమున నున్నప్పుడు చెప్పినది మేజిస్ట్రేటు సమక్షమున చెప్పిననే తప్ప పనికిరాదు. సాక్ష్యచట్టమును రచించిన జేమ్స్ ఫిట్జ్ జేమ్స్ స్టీఫెనుదొర, నిందితులను బాధించుటకు కారణమేమని ఈ దేశపు టుద్యోగుల నడిగి తెలిసికొన్న సంగతిని తన గ్రంథమున వ్రాసియుంచెను. ఆ కారణము క్రౌర్యము గాదు, సోమరితనము. సాక్ష్యము వెదకవలెనన్న నెండలో నూరూర తిరుగవలెను. ఒప్పుదలకు నీడపట్టున కూర్చుండిన చాలును. ఈ మాట నాకు మిక్కిలి యర్థవంతముగా తోచును. ఒప్పుదల దొరకినచోట వెదకుట ఆగిపోవును.

1872 నాటి చట్టమునకు బదులుగా 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. పేరు మాఱినను ఈ నియమములు మాఱలేదు. బెదిరించియో, ఆశపెట్టియో, బలవంతముననో చెప్పించిన యొప్పుదల పనికిరాదని 22వ సెక్షను. పోలీసులతో చెప్పినది పనికిరాదని 23వ సెక్షను. వీనికి మూలాధారముగా, ఎవ్వరును తనకు వ్యతిరేకముగా సాక్షి యగునట్లు బలవంతపెట్టబడరాదని రాజ్యాంగము 20వ యధికరణమున శాసించుచున్నది.

ముద్దాయి తనంత తానుగా ఒప్పుకొనదలచినచో మేజిస్ట్రేటు నెదుట ఒప్పుకొనవచ్చును. అప్పుడు మేజిస్ట్రేటు, "నీవు ఒప్పుకొనవలసిన విధి లేదు, ఒప్పుకొన్నచో అది నీపై సాక్ష్యముగా వాడబడవచ్చును" అను నర్థము తెలియునట్లు ముందుగా చెప్పవలెను. వ్రాయకముందే యతడు నేనొప్పుకొననని చెప్పినచో, అతనిని తిరిగి పోలీసుల నిర్బంధమునకు పంపరాదు. ఈ కడపటి నియమమునందలి మర్మము పెద్దలు గ్రహింపవలెను. కాదని చెప్పినవానిని మరల అదే గదికి పంపినచో, రెండవమాఱు వచ్చినప్పుడు ఔనని చెప్పక యేమి చేయును?

మన భారతదేశమున న్యాయశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు ఈ విషయమున రెండు తెలుగు పేర్లను వల్లించును. ఒకటి పాకాల నారాయణస్వామి కేసు. 1937 మార్చిలో పూరీ స్టేషనున రైలు మూడవ తరగతి పెట్టెలో నొక ఇనుపపెట్టె దొరకెను; అందొక శవముండెను. ఆ వ్యవహారము ప్రివీకౌన్సిలుదాక పోయెను. 1939లో అట్కిన్ ప్రభువు తీర్పు చెప్పుచు, ఒప్పుదల యనగా నేరమునే గాని, నేరమున కంగములైన సంగతులనన్నిటిని గాని అంగీకరించుటయే యనియు, ఏదో యొక చిక్కు కలిగించు సంగతిని అంగీకరించుట ఒప్పుదల కాదనియు నిర్ణయించెను. పోలీసులతో ముద్దాయి చెప్పిన మాటను త్రోసివేసెను. అయినను మిగిలిన సాక్ష్యము చాలినంత యున్నందున శిక్ష నిలిచెను.

రెండవది గుంటూరు సెషన్సునుండి వెడలిన పులుకూరి కొట్టయ్య కేసు. 1947నాటి న్యాయనివేదికలలో అచ్చుపడినది. ముద్దాయి చెప్పిన మాటనుబట్టి ఏదైన వస్తువు బయటపడినచో, ఆ మాటలో ఎంతభాగము పనికివచ్చునను ప్రశ్న అందు తేలినది. "కత్తి నా ఇంటి చూరున దాచితిని" అని చెప్పగా కత్తి అచ్చట దొరకినచో, కత్తి యచ్చట నున్నట్లు అతడెఱుగుననునంతవఱకే ఋజువు. "దానితోనే పొడిచితిని" అను మాట పనికిరాదు; ఏలయన కత్తి దొరకుట ఆ మాటను ఋజువు చేయదు. మన పొలములగట్లపై పుట్టిన కలహమునుండి దేశమున కంతకును ఒక సూత్రము లభించెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. చేయనివాడు చేసితినని యేల చెప్పును?

నేను న్యాయవాదిని గాను, బడిపంతులను. పసివారి మనస్సే నాకు తెలిసిన గ్రంథము. నేను క్రొత్తగా ఉద్యోగమున చేరిన పాఠశాలలో ఒకమాఱు బడిగంట కొట్టు సుత్తి కనబడకపోయెను. పైయుపాధ్యాయులొకరు మూడవతరగతి పిల్లలను వరుసగా నిలిపి, చెప్పువఱకు ఇంటికి పంపనని బెత్తము చూపిరి. ప్రొద్దు క్రుంకువేళకు ఒక పిల్లవాడు తానే తీసితిననెను. ఎచ్చట నుంచితివన్న బావిలో వైచితిననెను. ఎప్పుడన్న మధ్యాహ్నము నీళ్లు త్రాగబోయినప్పు డనెను. పాతాళగరిగె వేసి బావి యంతయు దేవిరి, ఏమియు లేదు. మఱునాడు కమ్మరి ఆ సుత్తిని తెచ్చి యిచ్చెను. పిడి వదలినదని బడి బంట్రోతే వానికి ఇచ్చియుండెను. నేను పిల్లవానిని చేరదీసి, చేయనిపని చేసితినని యేల చెప్పితివని యడుగగా, "ఔనన్న ఇంటికి పంపుదురనుకొంటిని" అనెను. బావి సంగతి యెట్లు పుట్టెనన్న, "ఎచ్చటనో యొకచోటు చెప్పవలెను గదా" యనెను.

ఆ పిల్లవాని రెండు మాటలలోను ఈ శాస్త్రమంతయు నిమిడియున్నది. మొదటిది, ఎదుట నున్న బాధ పెద్దదిగా, రాబోవు శిక్ష చిన్నదిగా కనబడుట. ఇప్పుడు ఈ గది దాటిన చాలును, రేపు నిజము తేలకపోవునా యని నిర్దోషి తలచును. నిజము తనంత తాను బయటపడునను నమ్మకము దోషికి లేదు, నిర్దోషికే కలదు. కావున నిర్దోషి మఱింత సులభముగా లొంగును. రెండవది, ఒప్పుకొన్నవాడు వివరములనుగూడ కల్పించి చెప్పవలసివచ్చుట. ప్రశ్న యడుగువాడు తెలియకయే వివరముల నందించును. చెప్పువాడు వానినే తిరిగి యప్పగించును. అప్పుడా యొప్పుదల నిండుగా, నమ్మదగినట్లుగా కనబడును.

అమెరికాదేశపు మనశ్శాస్త్రవేత్తలు కాసిన్, రైట్స్‌మన్ అనువారు 1985లో అసత్యపు టొప్పుదలలను మూడు విధములుగా విభజించిరి. ఎవ్వరును బలవంతపెట్టకయే, పేరుకొఱకో, మఱియొకరిని కాపాడుటకో, మతి చలించియో చెప్పునది ఒకటి. బాధ తప్పించుకొనుటకు, తాను చేయలేదని తెలిసియే చెప్పునది రెండవది. గంటలకొలది ప్రశ్నింపబడి, నిద్రలేక, తన జ్ఞాపకమునందే తనకు నమ్మకము చెడి, తానే చేసియుందునేమో యని నమ్మి చెప్పునది మూడవది. పసివారు, చదువులేనివారు, బుద్ధిమాంద్యము గలవారు, పెద్దలమాటకు ఎదురాడ నేర్వనివారు త్వరగా లొంగుదురు. కొట్టుట యొక్కటే కారణము గాదు. ఒంటరితనము, అలసట, ఆశ చాలును.

ఎవ్వరును బలవంతపెట్టక యే యొప్పుదల యెంతపని చేయునో చూపుటకు ఇంగ్లండునందలి కాంప్డెన్ గ్రామమున జరిగిన యుదంతము ప్రసిద్ధము. 1660 ఆగస్టు 16వ తేదీన విలియం హారిసన్ అను ముసలి దివానుగారు శిస్తులు వసూలు చేయుటకు కాలినడకను పొరుగూరికి పోయి తిరిగి రాలేదు. వెదకుటకు పంపబడిన సేవకుడు జాన్ పెర్రీయు ఆ రాత్రి రాలేదు. మఱునాడు త్రోవలో ముసలివాని టోపీయు, నెత్తురంటిన మెడపట్టియు దొరకెను. అనుమానముపై నిర్బంధింపబడిన పెర్రీ కొన్ని దినములకు, తన తల్లియు సోదరుడును ధనముకొఱకు హారిసనును చంపిరనియు, తాను వారికి తోడ్పడితిననియు చెప్పెను. శవమును పడవైచితిమన్న చోటు వెదకగా శవము లేదు. మొదటి న్యాయాధిపతి శవము లేనిదే హత్యానేరము విచారింపననెను. మఱుసటియేడు వచ్చిన న్యాయాధిపతి విచారించెను. అప్పటికి పెర్రీ, నాడు మతిచలించి చెప్పితిని, అంతయు నసత్యమనెను. ఎవ్వరు వినిరి? తల్లిని, కొడుకులిద్దఱిని 1661లో ఉరితీసిరి. 1662లో హారిసన్ సజీవుడై ఇల్లు చేరెను! తన్నెవరో యెత్తుకొనిపోయి తురకదేశమున బానిసగా నమ్మిరని చెప్పెను. పెర్రీ యట్లేల చెప్పెనో నేటికిని ఎవ్వరికిని తెలియదు. ఒక్కటి మాత్రము నిశ్చయము: శవము లేదనునది ఆ యొప్పుదలను పరీక్షించి అది తప్పని చూపిన సాక్ష్యము. దానిని లెక్కచేయక మాటనే నమ్మిరి.

ఇది పాతకాలపు మాట యనుకొందురేమో. 1989 ఏప్రిలు 19వ తేదీ రాత్రి న్యూయార్కు నగరపు తోటలో ఒక స్త్రీపై ఘోరమైన దౌర్జన్యము జరిగెను. పదునాలుగు మొదలు పదునాఱేండ్ల వయస్సుగల యైదుగురు బాలురను పోలీసువారు గంటలకొలది ప్రశ్నించిరి. నలుగురి యొప్పుదలలు చిత్రయంత్రమునకు గూడ నెక్కెను. చోటు, వేళ, జరిగిన తీరు, ఒకని మాటతో ఒకని మాట పొసగలేదు. దొరకిన డి.ఎన్.ఏ. గుర్తు, అనగా దేహకణములనుబట్టి మనిషిని గుర్తించు నిదర్శనము, వారిలో నెవ్వనిదియు గాదు. అయినను వారు శిక్షింపబడి, సుమారు ఆఱు మొదలు పదుమూడేండ్లవఱకు చెఱలో నుండిరి. 2002లో వేఱొక నేరమునకై చెఱలో నున్న ఖైదీ యొకడు అది తానొంటరిగా చేసిన పనియని చెప్పెను. అతని గుర్తు సరిపోయెను. బాలురపై తీర్పులు రద్దయ్యెను. ఈ బాలురు పట్టుబడిన తరువాత, ఆ వేసవిలోనే, అతడు మఱికొందఱు స్త్రీలపై దౌర్జన్యము చేసి, ఒకతెను చంపెను. నిర్దోషిని పట్టుకొన్ననాడు దోషిని విడిచిపెట్టినట్లే యని దీనివలన తెలియుచున్నది. ఈ యొక్క కేసులోనే అసత్యపు టొప్పుదలలును, సత్యమైన యొప్పుదలయు గలవు. వాని భేదము చెప్పినవాని కన్నీటిలోనో గొంతులోనో లేదు. వెలుపలి నిదర్శనముతో సరిపోవుటయందే యున్నది. అమెరికాలో డి.ఎన్.ఏ. పరీక్షచే నిర్దోషులని తేలినవారిలో నాలుగింట నొకవంతుకు పైగా ముందు ఏదో యొకరూపమున నేరమొప్పుకొన్నవారేయని, అట్టివారిని విడిపించుటకై 1992లో నేర్పడిన ఇన్నోసెన్స్ ప్రాజెక్టు సంస్థ లెక్కించినది.

మన యింటి సంగతియు చెప్పవలెను. 2007 డిసెంబరులో విజయవాడలో వసతిగృహమున నొక విద్యార్థిని హత్యచేయబడెను. 2008లో పోలీసువారు ఒక పేద యువకుని పట్టుకొని, అతడు నేరమొప్పుకొనెనని ప్రకటించిరి. ఇతడు గాడని ఆ విద్యార్థిని తల్లిదండ్రులే చెప్పుచుండిరి. 2010లో క్రింది కోర్టు యావజ్జీవశిక్ష విధించెను. 2017 మార్చి 31వ తేదీన హైదరాబాదునందలి హైకోర్టు అతనిని నిర్దోషిగా విడుదల చేసెను. ఎనిమిదేండ్లకు పైబడి చెఱలో గడచినవి. ఆ తల్లిదండ్రులకు బిడ్డయు పోయెను. అసలు దోషిని వెదకవలసిన యేండ్లును పోయెను.

ఇట్టి యాపద యందఱికి సమానముగా రాదు. 1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టము, 1911 చట్టముచే చెన్నరాజధానికిని వర్తించి, కొన్ని జాతులను పుట్టుకతోనే దొంగలని ముద్రవేసెను. స్టూవర్టుపురమువంటి సెటిల్మెంటులు ఆ కాలముననే యేర్పడెను. ఆ చట్టము 1952లో రద్దయ్యెను. కాని ఊరిలో దొంగతనము జరుగగానే మొదట ఎవరి గుడిసె చూపుదుమో మన వ్రేళ్లకు తెలియును. మాటలాడు వకీలు లేనివాడు, వ్రాతచదువులు రానివాడు, పలుకుబడి గల బంధువు లేనివాడు, ఇట్టివాడే త్వరగా "ఒప్పుకొనును".

ఇప్పుడు మన బాధ్యత. పోలీసుఠాణాయు కోర్టును దూరమున నుండును. మొదటి విచారణ తఱచుగా మన యరుగులమీదనే జరుగును. కావున కొన్ని మాటలు మనవి చేసెదను.

మొదటిది: మనమే ఒప్పుదలలు రాబట్టరాదు. అనుమానితుని చెట్టునకు కట్టుట, నలుగురిలో చెంపలు వాయించుట, "ఒప్పుకొన్నచో విడిచిపెట్టుదుము" అని యాశపెట్టుట, ఇవి నేరములు; పైగా ఇందువలన వచ్చు మాటకు విలువ లేదు. పూర్వము చెన్నరాజధాని నియమములలో, పోలీసు విచారణ మొదలైన పిదప ముద్దాయి చెప్పు ఒప్పుదలను గ్రామమేజిస్ట్రేటు వ్రాసికొనరాదని ఖండితమైన నిషేధముండెను. మునసబులు పోయిరి గాని ఆ నిషేధమునందలి వివేకము పోలేదు. పెద్దమనుష్యులతో చెప్పెనను ఒప్పుదలను న్యాయస్థానములు బలహీనమైన సాక్ష్యముగానే యెంచును.

రెండవది: మధ్యవర్తులుగా సంతకము చేయునప్పుడు చూచినదానికే చేయవలెను. వస్తువు బయటపడినదని పంచనామా వ్రాయునప్పుడు, ముద్దాయి ముందు చెప్పి పిదప వస్తువును చూపెనా, వస్తువు ముందే దొరకి పిదప మాట వ్రాయబడెనా యని గమనింపవలెను. తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయరాదు. చదివి వినిపింపుమని యడుగుట తప్పుగాదు. పులుకూరి కొట్టయ్య కేసులోని సూత్రమంతయు ఆ కాగితముపై మీరు చేయు సంతకముమీదనే నిలుచుచున్నది.

మూడవది: పట్టుబడినవానికి వకీలుతో నాలోచించు హక్కు కలదనియు, ప్రయాణకాలము గాక ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెననియు రాజ్యాంగము 22వ యధికరణమున చెప్పుచున్నది. బీదవానికి ఉచితముగా వకీలును ఇచ్చుటకు 1987లో న్యాయసేవల చట్టము చేయబడినది. 15100 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో సహాయము దొరకును. ఈ మాట వాని ఇంటివారికి చెప్పువాడు ఊరిలో ఒక్కడైన నుండవలెను.

నాల్గవది అన్నిటికంటె ముఖ్యము. "వాడొప్పుకొన్నాడు" అని వినినప్పుడు ఒక్క ప్రశ్న యడుగుడు: ఆ యొప్పుదలలో అంతకుముందు ఎవ్వరికిని తెలియని సంగతి యేదైన కలదా? అది వెదకగా నిజమని తేలినదా? బావిలో సుత్తి లేదు. కాంప్డెనున శవము లేదు. న్యూయార్కున గుర్తు సరిపోలేదు. సరిపోయినచో మాటకు బలము వచ్చును. సరిపోనిచో ఎంత గట్టిగా చెప్పినను అది గాలిమాటయే.

ఇట్లు చేసినచో దోషులు తప్పించుకొనరా యని కొందఱందురు. పూరీ ఇనుపపెట్టె కేసును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పోలీసులతో చెప్పిన మాటను తీసివేసిన పిదపను శిక్ష నిలిచెను. ఏలయన వెదకవలసినవారు వెదకి, మిగిలిన సాక్ష్యమును కూర్చిరి. దోషి తప్పించుకొనునది ఒప్పుదలను త్రోసివేసినప్పుడు గాదు. ఒప్పుదల దొరకినదని వెదకుట మానినప్పుడు. ఒప్పుదల విచారణకు మొదలు కావచ్చును గాని తుది కారాదు. మీ యరుగుపై ఈసారి అట్టి మాట వినబడినప్పుడు, తీర్పు చెప్పుటకు ముందు ఆ యొక్క ప్రశ్న యడుగవలసినదిగా ప్రార్థించుచున్నాను.